పెంకు మీది ఏడాది, గుమ్మం కింది డబ్బు: మా ఆర్‌సీఎం (రోమన్ కతోలిక మిషన్) గుడి మరమ్మతు డైరీ

నవంబరు 3

నిన్న ఆత్మల పండుగ. సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి, చీకటి పడ్డాక అందరం గుళ్ళోకొచ్చి కూర్చున్నాం. జపమాల మూడో రహస్యంలో ఉండగా ఆడవాళ్ళ వైపు గోడ నుంచి చాపంత పెచ్చు ఊడి దబ్బుమని పడింది. ఎవరికీ తగల్లేదు. మా పిన్ని మాత్రం జపం ఆపకుండానే కొంగుతో మొహం మీద దుమ్ము దులుపుకుని, రెండడుగులు ఇవతలికి జరిగి కూర్చుంది.

జపం అయ్యాక ఫాదర్ గారు నన్ను పిలిచి, “మీరు ప్లాన్లు గీసే మనిషి కదండీ, ఏం చెయ్యాలో చూడండి” అన్నారు. రోడ్లూ కల్వర్టులూ గీసి రిటైరయినవాణ్ణి, గుళ్ళ సంగతి నాకేం తెలుసు అనబోయాను. నోరు రాలేదు. ఆ పెచ్చు నాదే.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కోనసీమ మీద పడినప్పుడు ఈ గుడి పెంకు ఒక వాలున సగం లేచిపోయింది. మరుసటేడు మరమ్మతు పెట్టుకున్నాం. దగ్గరుండి పాత సున్నం గీకించి, గోడలకి లోపలా బయటా సిమెంటు పూయించింది నేనే. “ఇంక వందేళ్ళు చూసుకోనక్కర్లేదు” అని కూడా అన్నట్టు గుర్తు. పిన్నికి ఇంకా బాగా గుర్తుంది.

అందుకని ఈ డైరీ. ఎక్కడ తప్పు చేశానో, దాన్ని ఎలా విప్పుకుంటున్నానో రాసి పెడితే పాత గుడో, బడో, పెంకుటిల్లో ఉన్నవాళ్ళకి పనికొస్తుంది. ఊరి పేరు రాయను. గంట కంచుదని తెలిస్తే రాత్రిపూట వచ్చే చుట్టాలు వేరే ఉంటారు. ముమ్మిడివరానికి ఇవతల, గౌతమి పాయకి దగ్గర్లో అనుకోండి చాలు.

నవంబరు 9

కొలతలు తీశాం. టేపు, రసమట్టం, తూకం గుండు, ఇంటర్ చదివే మా మేనల్లుడు.

మాది సబ్‌స్టేషన్ గుడి. విచారణ కేంద్రం, అంటే ఫాదర్ గారు ఉండే పెద్ద గుడి, వేరే ఊళ్ళో ఉంది; ఫాదర్ గారు ఆదివారం పూజకీ, మంగళవారం అంతోనివారి నవదిన ప్రార్థనకీ వస్తారు. లోపల 46 అడుగుల పొడవు, 19 అడుగుల వెడల్పు ఉన్న ఒకే హాలు. చివర పీఠం ఉన్న చోట గోడ మూడు ముఖాలుగా విరిగి ముడుచుకుంటుంది. ముందు చిన్న వసారా, దాని మీద గంట గూడు. గోడ మందం 18 అంగుళాలు. బయట రెండు పక్కలా నాలుగేసి ఆనుడు స్తంభాలు. బెంచీలు ఎప్పుడూ లేవు. చాపల మీదే కూర్చుంటాం, మగవాళ్ళొక పక్క, ఆడవాళ్ళొక పక్క.

ఫోన్లో దిక్సూచి పెట్టి చూస్తే పీఠం ఉత్తరాన ఉంది. పాత పద్ధతిలో పీఠం తూర్పున ఉండాలి, చదువుకున్నవాళ్ళు కట్టిన పాత గుళ్ళు చాలావరకు అలాగే ఉంటాయి. మావాడు వాస్తు అన్నాడు. వాస్తూ కాదు, తూర్పూ కాదు, కాలవ. గుడి ముఖద్వారం సరిగ్గా కాలవ రేవుకి ఎదురుగా ఉంది. ధవళేశ్వరం ఆనకట్ట 1847లో మొదలై 1852కి పూర్తయింది. ఆ తర్వాత తవ్విన కాలవలు పొలాలకి నీళ్ళే కాదు, ఊళ్ళకి దారి కూడా. ఇటుక, సున్నం, కలప, పెంకు, పండక్కి చుట్టాలు, గుర్రం లేని ఫాదరు, అందరూ పడవ మీదే. గట్టు మీద మనుషులు తాడు భుజాన వేసుకుని లాగేవారు. ఈ గుడికి రోడ్డు ఇప్పటికీ వెనక నుంచే వస్తుంది. కొత్తగా వచ్చినవాళ్ళకి ముందు కనిపించేది పీఠం వెనక గోడా, దాని మీద ఎవరో రాసిన ట్యూషన్ ప్రకటనా.

చెమ్మ ఎంతవరకు ఎక్కిందో సుద్దతో గీత గీశాం. లోపల నేల నుంచి మూడున్నర అడుగులు. గీత కింద ఎక్కడ తట్టినా డొల్ల చప్పుడే.

నవంబరు 12

డొల్లగా ఉన్నచోట సుత్తితో చిన్నగా కొట్టి రెండడుగుల సిమెంటు ముక్క ఊడదీశాను. వెనక ఇటుక వేలితో గీకితే రాలుతోంది. తెల్లటి ఉప్పు, నూగులాగా. నాలిక మీద పెట్టుకుంటే చేదూ ఉప్పూ కలిసిన రుచి.

జరిగిందేమిటంటే: డెల్టాలో నీళ్ళు పైపైనే ఉంటాయి, వానాకాలం మా గుడి బావికి చేంతాడు అక్కర్లేదు, వంగి చెంబుతో ముంచుకోవచ్చు. ఆ చెమ్మ నేలలో ఉప్పుని వెంటబెట్టుకుని ఇటుకలోకి ఎక్కుతుంది. పాత సున్నం పూత ఉన్నప్పుడు చెమ్మ పూతలోంచి బయటికి ఆరిపోయేది; ఉప్పు పూతలోనే పూసి, ఏటేటా కొంచెం పొట్టు రాలేది. క్రిస్మసుకి ముందు మళ్ళీ సున్నం కొట్టేవాళ్ళు. అంటే పూత చచ్చి ఇటుకని బతికించేది. నేను సిమెంటు పూయించేసరికి చెమ్మకి దారి మూసుకుపోయింది. ఉప్పు పూత వెనకే గడ్డకట్టి, ఇటుక మొహాన్ని తొలిచి, చివరికి పూతని తోసేసింది. 1986 ఆగస్టు వరదకి నీళ్ళు పీఠం మెట్టు దాకా వచ్చి రోజుల తరబడి నిలిచినా చెక్కుచెదరని గోడలు ఇవి. వరద చెయ్యలేని పని నా సిమెంటు చేసింది.

మేస్త్రికి చూపించాను. ఆయన తండ్రి సున్నం పని చేసినవాడే. “ఆయ్, గోడకి రెయిన్‌కోటు తొడిగేశారండి” అన్నాడు.

నవంబరు 16

ఇవాళ పని తక్కువ, ఆనందం ఎక్కువ. ముఖద్వారం మీది కమాను గురించి.

మన పల్లె ఇళ్ళ కమానులు అర్ధచంద్రంలా ఉంటాయి. ఇది కోసుగా పైకి లేచి ముక్కులా కలుస్తుంది, గోథిక్ పద్ధతి. వెడల్పు సరిగ్గా 4 అడుగులు, 48 అంగుళాలు. పుస్తకాల్లో ఉండే మామూలు కోసు కమాను గీయాలంటే వెడల్పునే వ్యాసార్ధంగా తీసుకుని, రెండు చివరల నుంచీ రెండు వృత్తఖండాలు గీస్తారు. అలా అయితే ఎత్తు 41½ అంగుళాలు రావాలి. కొలిస్తే 34 వచ్చింది. మళ్ళీ కొలిచాను, మళ్ళీ 34. మేస్త్రీలకి లెక్క తప్పిందనుకున్నాను. ఇంటికెళ్ళి భోంచేసి, కాయితం మీద గీస్తూ కూర్చుంటే అప్పుడు దొరికింది.

48ని నాలుగు భాగాలు చెయ్యండి. మొదటి భాగం చివర ఒక మేకు, మూడో భాగం చివర ఒక మేకు. ఒక్కో మేకు నుంచి మూడు భాగాల పొడవు తాడుతో, అంటే 36 అంగుళాలతో, అవతలి వైపు వంపు గీయండి. రెండూ కలిసే చోటు ఎత్తు 33.9 అంగుళాలు! సాయంత్రం గుడి ముందు అరుగు మీద సుద్దముక్కా తాడుతో గీసి చూపించాను. మేస్త్రి నవ్వి, తాడు తీసుకుని వెడల్పుకి సరిపడా తెంపి, రెండుసార్లు మడతపెట్టాడు. నాలుగు భాగాలు అయిపోయాయి. టేపు లేదు, లెక్క లేదు. “మా నాన్న ఇలాగే గీసేవోడండి, దీన్ని గోథిక్ అంటారని ఆయనకి తెలీదు.”

పొడుగ్గా ఉండే అసలు రకం కాకుండా ఈ పొట్టి రకం ఎందుకు ఎంచుకున్నారంటే, నాకు తోచింది ఇది: వసారా కప్పు కిందికి ఉంది, 41 అంగుళాల కమాను పడితే ముక్కు వాసాలకి తగిలేది. చోటు చూసుకుని తాడు మడిచారు.

నవంబరు 24

పైకప్పు. తాడు కట్టుకుని మేనల్లుడు ఎక్కాడు, కింద నిలబడి నేను అరిచాను.

లోపల టేకు ట్రస్సులు (కప్పుని మోసే ముక్కోణపు చట్రాలు) మూడు. అడ్డదూలం మధ్యలో నిలువు కర్ర ఉంటుంది, మా వడ్రంగి దాన్ని ‘నిట్టాడు’ అంటాడు. పాకలో నిట్టాడు నేల మీద నిలబడి వెన్నుదూలాన్ని మోస్తుంది. ఇక్కడ అదే పేరున్న కర్ర చేసే పని పూర్తిగా తలకిందులు: పై నుంచి వేలాడుతూ కిందున్న అడ్డదూలాన్ని నడుం వంగిపోకుండా పట్టి ఉంచుతుంది. అడుగున ఇనుప పట్టీ ఎందుకు బిగించారో దాంతో అర్థమవుతుంది. మోసే కర్రకి పట్టీ అక్కర్లేదు, వేలాడేదానికే కావాలి. తుపానులో పెంకు పోయింది గానీ ట్రస్సు అంగుళం కదల్లేదు. టేకు దుంగలు అప్పట్లో భద్రాచలం వైపు అడవుల నుంచి గోదావరి మీద తెప్పలు కట్టి వదిలేవారు.

అసలు కథ పెంకుది. తుపానుకి పోయిన పడమటి వాలు మీద ఇప్పుడు రేకులున్నాయి. తూర్పు వాలు మీద పాత పెంకు నిక్షేపంగా ఉంది. గూనపెంకు కాదు, మనవాళ్ళు బెంగుళూరు పెంకు అనే చదునైన రకం. నిజానికి మంగుళూరుది. ఒకటి దించి నాచు గీకితే అచ్చు కనబడింది: బేసల్ మిషన్ టైల్ వర్క్స్, 1865.

ఇది ఊళ్ళో కొత్త సంగతి కాదు. మా తాతలనాడే ఎవరో చూశారు. అందుకే ‘మన గుడి 1865లో కట్టారు’ అనేది మా ఊరి నమ్మకం. గుడి పెద్దలు అంతోనివారి పండుగకి ఫ్లెక్సీ కూడా కొట్టించారు, అంతోనివారి స్వరూపం పక్కన బంగారు రంగులో ‘స్థాపితం 1865’ అని. 

నాకు అప్పుడే ఎక్కడో గుచ్చుకుంది. మంగుళూరు దగ్గర నేత్రావతి ఒడ్డున బేసల్ మిషన్ వాళ్ళు మొదటి పెంకు కార్ఖానా పెట్టిందే 1865లో. పెట్టిన ఏడాదే పెంకు కాలి, ఓడెక్కి, ఇంత దూరం కాలవ పట్టుకొచ్చి మా ఊరి గుడి మీద కూర్చుందా? ఆ అంకె కంపెనీ పుట్టిన ఏడాది. సబ్బు మీద, స్వీటు డబ్బా మీద వేస్తారే, అలాంటిది. అదే మంగుళూరులో అల్బుకర్క్ వాళ్ళ పెంకుల మీద 1868 అని ఉంటుంది, ఏ దశాబ్దంలో కాల్చినా 1868 అనే ఉంటుంది.

మరో ముచ్చట. బేసల్ మిషన్ ప్రొటెస్టెంట్లది. ఫాదర్ గారికి చెబితే పడీపడీ నవ్వారు. “ఇన్నాళ్ళూ రోమన్ కతోలిక గుడికి ప్రొటెస్టెంటు గొడుగన్నమాట!”

గుడి పెద్ద మాత్రం నవ్వలేదు. “పెంకు మీద అచ్చు వేసినవాడి కంటే నీకెక్కువ తెలుసేంట్రా?” అన్నాడు. ఆయన నాకు వరసకి పెదనాన్న, మారు మాట్లాడలేను.

డిసెంబరు 1

గంట. మంచె కట్టించి ఎక్కాను, మోకాళ్ళు మొరాయించినా సరే. ఏళ్ళ తరబడి వెండి రంగు మీద వెండి రంగు పూశారు. కొబ్బరిపీచూ చింతపండూ పెట్టి అంచు చుట్టూ రుద్దితే అక్షరాలు లేచాయి. పైన ‘ఆవే మరియా’. కింద పోతపోసినవాళ్ళ పేరు, పాకార్, ఆన్సీ. ఏడాది వెయ్యలేదు.

ఆన్సీ ఆల్ప్స్ కొండల కింద సవాయ్ ప్రాంతంలో ఉన్న పట్నం. పాకార్ కుటుంబం 1796 నుంచి గంటలు పోస్తోంది. పారిస్‌లో తిరుహృదయ ఆలయంలో వేలాడే దాదాపు 19 టన్నుల గంట 1891లో వాళ్ళు పోసిందే. మా గంట ఆ లెక్కన దాని మునిమనవరాలికి కాలి మువ్వ. అయితే ఆన్సీ గంట ఇక్కడికెలా వచ్చిందన్నది వింత కాదు. విశాఖపట్నం మిషన్‌కి 1846లో వచ్చిన సలేసు ఫ్రాన్సిస్ వారి సభ గురువుల సొంత ఊరు ఆన్సీ. మావాళ్ళు వాళ్ళని ‘ఫ్రెంచి ఫాదర్లు’ అంటారు. తమాషా ఏమిటంటే వాళ్ళు ఓడ దిగే నాటికి సవాయ్ ఫ్రాన్సులో లేదు, సార్డీనియా రాజుది. 1860లోగానీ ఫ్రాన్సులో కలవలేదు. నిజమైన ఫ్రెంచి జెండా గౌతమికి అవతల యానాంలో ఎగిరేది, అక్కడి అన్నమ్మగారి గుడి కూడా 1846 నాటిదే. ఆ గుడి చూసి ఈ గుడి చూస్తే పట్నం అక్కా పల్లె చెల్లీ అనిపిస్తారు. కమాను ముక్కులు మాత్రం చెల్లివే బాగున్నాయి. పక్షపాతమే, ఒప్పుకుంటాను.

గంట వల్ల గుడి వయసు తేలదు. గంట సంచారి. పాత పాక మీద నుంచి దించి కొత్త గుడికి కట్టుకోవచ్చు, పక్క ఊరి నుంచి తెచ్చుకోవచ్చు.

డిసెంబరు 8

అమలోద్భవి మాత పండుగ పూజ అయ్యాక సున్నం పని మొదలెట్టాం. గుల్ల సున్నం దొరికింది, కాకినాడ అఖాతం గుల్లల్ని కాల్చింది. పొడి సున్నం బస్తా కొనుక్కొచ్చి కలిపితే కుదరదు. కాలిన గుల్లనే తెచ్చి నీళ్ళలో చంపాలి.

ప్లాస్టిక్ డ్రమ్ము వద్దని మేస్త్రి ముందే అన్నాడు. నేల తవ్వి, ఇటుకలు పరిచి తొట్టి చేశాం. ముందు నీళ్ళు, తర్వాత గుల్ల. తిరగేసి పొయ్యకూడదు, మీద చిమ్ముతుంది. కళ్ళద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి. చిన్నపిల్లల్ని అవతలికి తోలేశాం. ఒక నిమిషం ఏమీ లేదు. తర్వాత అడుగు నుంచి గుడగుడ. ఆ తర్వాత తొట్టి మొత్తం కుతకుత ఉడికి ఆవిరి లేచి, గుల్లలు ఒక్కొక్కటే పువ్వులా విచ్చుకుని పాలమీగడలాగా కూలిపోయాయి. పొయ్యి లేదు, నిప్పు లేదు. పిన్ని ముక్కున వేలేసుకుని చూసింది.

మీద నాలుగు వేళ్ళ నీళ్ళు నిలిపి మూత పెట్టాం. ఎన్ని రోజులు నానితే అంత వెన్న అవుతుందట. పక్కన కుండలో కరక్కాయలు చితక్కొట్టి బెల్లం నీళ్ళలో నానేశాం. దీని వాసన మూడో రోజుకి కల్లుపాకని తలపిస్తుందని ముందే హెచ్చరిస్తున్నాను.

డిసెంబరు 17

తప్పు జరిగింది. నావల్లే.

క్రిస్మసు వారంలోకి వచ్చేసింది, కనీసం ఒక గోడయినా కనబడాలని తొందరపడ్డాను. ఎనిమిది రోజులు నానిన సున్నం ఒక పాలు, జల్లించిన గోదావరి ఇసుక రెండు పాళ్ళు, ఇటుక పొడి అర పాలు. ఇటుక పొడి ఉంటే గాలి తగలని చోట కూడా సున్నం గట్టిపడుతుంది. కలపడం బాగానే కలిపాం. గానుగ లేదు కాబట్టి సిమెంటు కలిపే పళ్ళెంలో పారతో, కాళ్ళతో రెండు గంటలు తొక్కాం. కానీ మూడడుగుల చదరం మీద ఒకే దెబ్బకి ముప్పావు అంగుళం మందం పట్టించేశాను, సిమెంటు అలవాటు చొప్పున. మేస్త్రి ఆ పూట పెళ్ళికెళ్ళాడు. మర్నాడు మధ్యాహ్నానికి పూత నిండా వేసవిలో చెరువు అడుగులాగా పగుళ్ళు.

సాయంత్రం మేస్త్రి వచ్చి చూసి ఏమీ అనలేదు. చేతితో ఒక పలక ఊడదీసి నా చేతిలో పెట్టాడు, అంతే.

సున్నానికి ఆరడం వేరు, గట్టిపడడం వేరు. నీళ్ళు పోతే ఆరుతుంది. గాలిలో బొగ్గుపులుసు గాలిని పీల్చుకుని మళ్ళీ రాయిగా మారితే గట్టిపడుతుంది, దానికి వారాలు పడుతుంది, ఆ వారాలూ అది కొంచెం తడిగా ఉండాలి. పలచగా పొర మీద పొర వెయ్యాలి, పొరకీ పొరకీ మధ్య రోజులు ఆగాలి, గోనెపట్టాలు తడిపి వేలాడదీయాలి. కరక్కాయ బెల్లం నీళ్ళు పోసి తొక్కాలి, నేను తొందరలో ఆ కుండనే మరిచిపోయాను.

క్రిస్మసుకి గోడ సగం ఇటుకలు బయటపెట్టుకునే ఉంటుంది. పెదనాన్న ఎమల్షన్ పెయింటు కొట్టేద్దామన్నాడు, లేత గులాబీ రంగు కూడా చూసి పెట్టుకున్నాడు. ఫాదర్ గారు మధ్యలోకొచ్చి పశువుల పాక ఆ గోడకే కట్టించారు. బాలయేసు వెనక ఇటుక గోడ! మా మేనల్లుడి మాటల్లో ‘సెట్టింగు అదిరింది’.

డిసెంబరు 28

ఖాళీ రోజు. పీఠం దగ్గర గీతలు చూస్తూ కూర్చున్నాను.

ఈ చివర రెండు పీఠాలున్నాయి. గోడకి ఆనించి మెట్లుమెట్లుగా ఉన్న పాతది, మధ్యలో దివ్యసత్ప్రసాదం ఉంచే మందసం, పైన అంతోనివారి స్వరూపం. దానికి అయిదడుగులు ఇవతల సిమెంటు బల్ల. 1962 నుంచి 1965 దాకా జరిగిన రెండో వాటికన్ మహాసభ తర్వాత గురువు జనం వైపు తిరిగి, జనం భాషలో పూజ చెప్పడం వచ్చింది. అంతకు ముందు పాత పీఠం వైపు తిరిగి లాటిన్‌లో. పిన్నికి గుర్తుంది: “ఏవో పాడేవాళ్ళంరా, ఒక్క ముక్క అర్థమయ్యేది కాదు. అయినా ఏడుపొచ్చేది.”

నేల మీద అడ్డంగా ఒక వరస గచ్చు రంగు తేడాగా ఉంది, పూడ్చిన కన్నాలు ఏడు. దివ్యసత్ప్రసాదం (పూజలో ఇచ్చే అప్పం) మోకాళ్ళ మీద తీసుకునే రోజుల్లో అక్కడ టేకు కటకటాలు ఉండేవి. అవెక్కడికి పోయాయా అని వెతికితే ఎదురుగానే ఉన్నాయి: ఆర్‌సీఎం బడి వరండాకి. నేను ఒకటో తరగతిలో వాటికి ఆనుకునే ఎక్కాలు చదివాను.

జనవరి 19

పండగ వెళ్ళింది. సున్నం నెల దాటి నానింది, వెన్నే. రెండో ప్రయత్నం పావు అంగుళం పొరలుగా, కరక్కాయ నీళ్ళతో, తడి గోనెలతో. వారమైంది. ఒక్క పగులు లేదు. ఇంతకంటే రాయడానికేం లేదు, బాగా జరిగిన పనికి కథ ఉండదు.

కథ ముఖద్వారం దగ్గరుంది. టేకు ద్వారబంధం కుడి కాలు అడుగున జానెడు మేర చెదలు తినేశాయి. వడ్రంగి దాన్ని మెట్టుగా కోసి కొత్త ముక్క అతుకుతానన్నాడు. గుమ్మం లేపి, కాలు కింద గూడు శుభ్రం చేస్తుంటే నల్లటి మట్టిలో ఏదో బిళ్ళ. పక్కనే మాడిపోయినట్టున్న గింజలు. వడ్రంగి చెయ్యి తీసేశాడు.

“నవధాన్యాలండి.”

ఇళ్ళకి ద్వారబంధం ఎత్తేటప్పుడు కింద పసుపూ నవధాన్యాలూ ఓ డబ్బూ వెయ్యడం అందరికీ తెలిసిందే. గుడికి కట్టిన మేస్త్రీలు కూడా వేశారు. ఫాదర్ చూస్తుండగా వేశారో, ఆయన భోజనానికి వెళ్ళినప్పుడు వేశారో! పెదనాన్న మొహం ముడుచుకున్నాడు. “మన గుళ్ళో ఈ నమ్మకాలేంటి?” పిన్ని అందుకుంది: “గుమ్మానికి వేశారు బావా, పీఠానికి కాదుగా.”

బిళ్ళని నిమ్మకాయతో రుద్దాను. అణాలో నాలుగో వంతు రాగి డబ్బు. ఏడాది అంకెలు తినేశాయి, కానీ మొహం మిగిలింది. గడ్డం, బట్టతల, కిరీటం లేదు. ఆ ఒక్కటి చాలు. మన రాగి డబ్బుల మీద విక్టోరియా రాణి కిరీటంతో ఉంటుంది, అయిదో జార్జి కిరీటంతో ఉంటాడు, మధ్యలో ఏడో ఎడ్వర్డు ఒక్కడే ఉత్త తలతో ఉంటాడు. ఆయన బొమ్మతో మన దేశంలో నాణేలు పడింది 1903 నుంచి 1910 వరకే. 

అంటే ఈ గుమ్మం ఎత్తింది 1903కి ముందు కాదు.

జనవరి 21

రాత్రి నిద్ర పట్టలేదు, పెంకు సంగతి మళ్ళీ ఆలోచించాను. మొదటి ప్రపంచ యుద్ధం వచ్చాక బేసల్ మిషన్ కార్ఖానాలు సర్కారు చేతికి పోయి, తర్వాత కామన్‌వెల్త్ ట్రస్టు అనే కంపెనీ కిందికి వచ్చాయి. తర్వాతి పెంకుల మీద ఆ పేరే పడింది. మా తూర్పు వాలు మీద మిగిలిన పెంకులన్నీ మేనల్లుడి చేత తిప్పించి చూశాను, అన్నీ బేసల్ మిషన్‌వే, ఒక్కటీ ట్రస్టుది లేదు. రీపర్ల (పెంకు ఆనే సన్న చెక్కల) ఎడం కూడా ఈ పెంకు కొలతకే కొట్టారు, పాత మేకు కన్నాలు వేరే లేవు. కాబట్టి తర్వాత మార్చిన కప్పు కాదు, మొదటి కప్పే. గుమ్మం కింద రాజు 1903కి ఇటు అంటున్నాడు, నెత్తి మీద పెంకు యుద్ధానికి అటు అంటోంది. మధ్యలో ఉన్న ఓ పదేళ్ళలో కట్టారు మా గుడిని.

1865 అని మోసం చేసిన పెంకే, అచ్చులో పేరు కూడా చదివితే సగం నిజం చెప్పింది. మా తాతలు అంకె చదివారు, పేరు చదవలేదు.

పెదనాన్నకి చెప్పాను, ఈసారి కూర్చుని. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, “అయితే గుడి చిన్నదైపోయిందన్నమాట” అన్నాడు. నలభయ్యేళ్ళు తగ్గినందుకు ఆయన పడుతున్న బాధ చూస్తే, నాకే ఆ నాణెం మళ్ళీ మట్టిలో వేసేద్దామనిపించింది. ఫాదర్ గారు సర్దారు: విశ్వాసులు ముందు, గుడి తర్వాత, తాటాకు పాకలో పూజలు ఎన్నేళ్ళు జరిగాయో పెంకుకేం తెలుసు? విచారణ కేంద్రంలో లాటిన్ జ్ఞానస్నాన పుస్తకాలు ఉన్నాయి, తిరుసభ పాత చట్టం ప్రకారం ప్రతి విచారణా రాసి ఉంచాల్సినవి. మా ఊరి పేరు మొదట ఏ పేజీలో వస్తుందో చూడ్డానికి పెదనాన్న తనే వస్తానన్నాడు. లాటిన్ రాదుగా అంటే, “ఊరి పేరు లాటిన్‌లో రాస్తారేంట్రా?” అన్నాడు. అదీ నిజమే.

ఫిబ్రవరి 8

విభూది బుధవారం దగ్గర పడుతోంది. పోయినేటి మట్టల ఆదివారం మట్టలు అటకెక్కి ఉన్నాయి, ఆ రోజు నుదుట పెట్టే బూడిదకి దించాలి. ఆ రోజుతో మొదలయ్యే తపస్సు కాలంలో గుళ్ళో సుత్తి మోత ఉండకూడదని ఫాదర్ గారి మాట, కాబట్టి ఇవాళ గుమ్మం ఎక్కించేశాం.

ఆడవాళ్ళ వైపు గోడ మూడున్నర అడుగుల వరకు సున్నం పూత పూర్తి. రంగు తెలుపు కాదు, గుడ్డు పెంకు రంగు. చెయ్యి పెడితే చల్లగా ఉంది. మగవాళ్ళ వైపు గోడ, బయటి వైపు, గంట గూడు మిగిలాయి. రెండో తొట్టి సున్నం నానుతోంది. పడమటి వాలుకి పాత పెంకు ఎవరింట్లోనన్నా దొరుకుతుందేమో అడుగుతున్నాం, బేసల్ మిషన్‌దే కావాలన్న పట్టింపు లేదు గానీ మేనల్లుడికి ఉంది.

ఫ్లెక్సీ మీద 1865 మీద ఎవరో తెల్ల కాయితం అంటించారు. కాయితం మీద ఏమీ రాయలేదు.

ద్వారబంధం కాలు దించే ముందు వడ్రంగి నా వైపు చూశాడు. నేను ఫాదర్ గారి వైపు చూశాను. ఆయన పెదనాన్న వైపు చూశారు. పెదనాన్న జేబులోంచి పది రూపాయల బిళ్ళ తీసి, “మళ్ళీ ఎవడన్నా వెయ్యేళ్ళని ఫ్లెక్సీ కొట్టించకుండా” అంటూ, ఈ ఏటిదేనని అద్దాలు పెట్టుకుని చూసి మరీ ఇచ్చాడు. రాగి డబ్బు ఫొటో తీసి, తిరిగి దాని చోటనే పెట్టాం. పిన్ని కొంగు ముడిలోంచి కాయితం పొట్లం బయటికి తీసింది. అందులో ఏముందని ఎవరూ అడగలేదు.

వడ్రంగి రాజుగారిని బోర్లా తిప్పి పెట్టాడు. ఎందుకని అడిగాను.

“క్రితంసారి మొహం పైకుందండి. చెదలొచ్చాయి కదా.”